రాతి జెర్రిని గుర్తుపట్టడం ఎలా? కాళ్లు కాదు, వీపు చూడండి

రాయి ఎత్తగానే గోధుమరంగు గీత ఒకటి సర్రున పక్కకి జారి ఇంకో రాయి కింద దూరుతుంది. మీరు "జెర్రి!" అని నోరు తెరిచేలోపే అది అక్కడ ఉండదు. మనకి కాళ్లు ఎక్కువ ఉండి చదునుగా పాకేదేదైనా జెర్రే. కానీ ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి దూరపు చుట్టాలైన జీవులు చాలానే ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయేది వాటిలో ఒక గుంపు గురించి: రాళ్ల కింద, బెరడు కింద బతికే చిన్న జెర్రులు, శాస్త్రం పేరు లిథోబియోమార్ఫా. గ్రీకులో లిథోస్ అంటే రాయి, బయోస్ అంటే జీవితం. రాతి జెర్రి అని పిలుచుకుందాం.

ఈ గుంపులో వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. ఇది చదివి మీరు ప్రతి జాతికీ పేరు పెట్టేస్తారని నేను మాట ఇవ్వలేను, అది ఏళ్ల పని. కానీ కంటపడింది రాతి జెర్రా కాదా, పిల్లా పెద్దదా, ఏ కుటుంబం, ఆడదా మగదా అన్నంత వరకు ఒక భూతద్దంతో తేల్చుకోవచ్చు. ఆ పని ఎలాగో వరసగా చెబుతాను.

ఎక్కడ వెతకాలి, ఎప్పుడు

దీని బతుకంతా తేమ చుట్టూ తిరుగుతుంది. చాలా పురుగుల ఒంటి మీద నీరు బయటికి పోకుండా మైనం లాంటి పూత ఉంటుంది. జెర్రికి ఆ రక్షణ సరిగ్గా లేదు. ఊపిరి పీల్చుకునే రంధ్రాలు కూడా పురుగులకి మూసుకున్నట్టు దీనికి మూసుకోవు. అందుకే పొడి గాలిలో ఒళ్లు ఆరిపోతుంది. పగలంతా ఏదో ఒకదాని కింద నక్కి ఉండి రాత్రి వేటకి వస్తుంది.

కాబట్టి వాన పడిన మర్నాడు వెతకండి. మట్టిలో సగం దిగి, అడుగు చల్లగా ఉన్న రాళ్లు, కుళ్లుతున్న దుంగల బెరడు, ఏళ్లుగా కదలని ఆకుల పొర, ఇవే చోట్లు. ఎండకి కాలిపోయిన రాయి కింద వెతకడం దండగ. చిన్న జాతులు కావాలంటే మాత్రం రాళ్లు వదిలేసి ఆకుల చెత్తని జల్లెడలో వేసి తెల్లటి గుడ్డ మీద జల్లించాలి. ఆ గుడ్డ మీద ఏదీ కదలట్లేదని వెంటనే దులిపేయకండి. రెండు నిమిషాలు ఆగితే, అప్పటిదాకా పుల్లముక్క అనుకున్నది లేచి పరిగెడుతుంది.

ఎత్తిన రాయిని మళ్లీ అదే గుంటలో, అదే పక్క కిందికి వచ్చేలా పెట్టేయండి. రాయి కింద తేమ ఒక్క రోజులో ఏర్పడింది కాదు.

పట్టుకోవడం

వేళ్లతో పట్టుకోవద్దు. రాతి జెర్రికి భయపడి చెప్పడం లేదు. చిన్నవాటి విషపు కొక్కేలు మన చర్మంలో దిగవు, పెద్దవి కరిచినా కాసేపు చురుక్కుమంటుంది, అంతే. అసలు సంగతి, మీరు పట్టుకున్నది రాతి జెర్రేనని ఇంకా తేలలేదు. పెద్ద జెర్రి పిల్ల కూడా ఇంతే ఉంటుంది, దాని కాటు వేరే కథ. రెండో కారణం, వేళ్లతో నొక్కితే కాళ్లు ఊడి చేతికొస్తాయి.

అడుగున తడి ఆకు ముక్క వేసిన చిన్న మూత డబ్బా, మెత్తటి పెయింటింగ్ బ్రష్ చాలు. డబ్బాని జెర్రి ముందు అడ్డంగా పడుకోబెట్టి వెనక నుంచి బ్రష్‌తో తాకండి. ముందుకే దూకుతుంది, చీకటిగా కనిపించిన చోటికే దూరుతుంది. ఒక డబ్బాకి ఒకటే. రెండు వేస్తే ఇంటికి చేరేసరికి ఒకటే మిగలొచ్చు, అదీ కడుపు నిండి. తడి ఆకు మరిచిపోయి నేను ఒక మంచి జెర్రిని పోగొట్టుకున్నాను. రాత్రి పొడి డబ్బాలో పెట్టి పడుకుంటే పొద్దున్నకి మెలిక తిరిగి ఎండిపోయి ఉంది.

ఇప్పుడు దాన్ని కదలకుండా చూడాలి. డబ్బాతో సహా ఫ్రిజ్‌లో ఐదు పది నిమిషాలు పెడితే మందగిస్తుంది (డీప్ ఫ్రీజర్‌లో కాదు). నాకు ఇంతకన్నా నచ్చిన పద్ధతి ఇంకోటి ఉంది. పలచటి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలోకి జెర్రిని దింపి, సంచి కింద తడి స్పాంజి పెట్టి, పైనుంచి గాజు ముక్కతో నెమ్మదిగా ఆనించండి. నొక్కడం కాదు, ఆనించడం. నాలుగు వైపులా ఏదో ఒకటి ఒంటికి తగులుతుంటే జెర్రికి నిశ్చింత, రాయి కింద ఉన్నట్టే ఉంటుంది, కాసేపటికి ఆగిపోతుంది. సంచి తిప్పితే పొట్ట వైపూ కనిపిస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కానీ, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ కానీ ఉంటే సరిపోతుంది.

ముందు ఇది జెర్రేనా?

ఒళ్లు గుండ్రంగా ఉండి, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని, నిదానంగా నడిస్తే అది రోకలిబండ, జెర్రి కాదు. రోకలిబండకి వీపు మీద కనిపించే చాలా ఉంగరాలకి రెండేసి జతల కాళ్లుంటాయి, జెర్రికి ఒక్కో ఖండానికి ఒక్క జతే. రోకలిబండ కుళ్లిన ఆకులు తింటుంది, జెర్రి మాంసాహారి.

ఇంకా అనుమానం ఉంటే తల కింద చూడండి. రెండు వైపుల నుంచి వంకర కొక్కేలు రెండు నోటి ముందు కలుస్తాయి. చూస్తే కోరల్లా ఉంటాయి కానీ అవి దవడలు కావు. మొండెం మొదటి ఖండం కాళ్లే అలా విషపు కొక్కేలుగా మారిపోయాయి. కాళ్లతో కరిచే జంతువు ఇది. జెర్రులన్నిటికీ ఉండే గుర్తు ఇదే. 1817లో లాత్రేయ్ ఈ తరగతికి పెట్టిన పేరు కైలోపోడా, అంటే పెదవి కాళ్లవి.

వీపు చదవడం

అందరూ ముందు కాళ్లు లెక్కపెడతారు. నేనూ అదే చేశాను, తప్పులో కాలేశాను, ఆ కథ కాస్త ఆగి చెబుతాను. మీరు వీపుతో మొదలుపెట్టండి.

తల వెనక నుంచి తోక దాకా వీపు మీద పలకలు వరసగా పేర్చి ఉంటాయి. రాతి జెర్రిలో ఈ పలకలు ఒకే సైజులో ఉండవు. పొడుగుది, పొట్టిది, పొడుగుది, పొట్టిది, అలా మారుతూ వస్తాయి. మధ్యలో ఒక్కచోట, ఏడు ఎనిమిది దగ్గర, రెండు పొడుగు పలకలు పక్కపక్కనే వస్తాయి. అక్కడి నుంచి మళ్లీ పొట్టిది, పొడుగుది. అంకెల్లో చెబితే 1, 3, 5, 7, 8, 10, 12, 14 పొడుగువి; 2, 4, 6, 9, 11, 13 పొట్టివి.

ఈ అంకెలు గుర్తుండవు. బళ్లో ఛందస్సు నేర్చుకున్నవాళ్లకి మాత్రం ఒక సులువుంది. పొడుగు పలకని గురువు అనుకోండి, పొట్టి పలకని లఘువు అనుకోండి. అప్పుడు వీపు ఇలా పలుకుతుంది:

గలగలగలగ, గలగలగలగ.

ఏడు పలకల పాదం ఒకటి, మళ్లీ అదే పాదం రెండోసారి. మొదటి పాదం చివరి గురువు, రెండో పాదం మొదటి గురువు పక్కపక్కన పడటం వల్లే నడుము దగ్గర ఆ జంట కనిపిస్తుంది. నేను భూతద్దం పెట్టగానే పైకే అంటాను, గలగలగలగ అని. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. కానీ ఈ లెక్క తప్పింది లేదు. పెద్ద జెర్రుల్లో కూడా పలకల మధ్య కొద్దిగా తేడా ఉంటుంది కానీ ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. రాతి జెర్రిలో కొన్ని పొట్టి పలకలు వెనక పెద్ద పలక అంచు కింద ఇరుక్కున్నట్టే ఉంటాయి.

దీని వల్ల జెర్రికి ఏం లాభం? పలకలు అన్నీ ఒకే కొలతలో ఉంటే కీళ్లు కూడా ఒకే వరసలో పడి, వేగంగా పరిగెత్తేటప్పుడు ఒళ్లు పాములా అటూ ఇటూ ఊగిపోతుంది. పొడుగూ పొట్టీ కలిస్తే ఆ ఊగుడు తగ్గుతుంది. రాయి ఎత్తగానే అది అంత తిన్నగా జారిపోవడంలో ఈ గురువులు, లఘువుల పాత్ర ఉంది.

ఊపిరి రంధ్రాలు కూడా పొడుగు పలకలున్న ఖండాల పక్కలకే ఉంటాయి. లిథోబియస్ అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపుని ప్రజాతి అంటారు) 3, 5, 8, 10, 12, 14 ఖండాలకి. ఏడో ఖండం పొడుగుదే అయినా దానికి రంధ్రం లేదు. పక్క నుంచి లైటు వేసి చూస్తే కాళ్ల మొదళ్ల పైన చీలికల్లా కనిపిస్తాయి. ఇది చూడటం కాస్త ఓపిక పని, మొదటిసారి దొరక్కపోతే వదిలేయండి.

ఇప్పుడు కాళ్లు

ఎదిగిన రాతి జెర్రికి 15 జతల కాళ్లు. ఎన్నేళ్లు బతికినా, ఎంత పెరిగినా 15కి మించవు. మిగతా గుంపులతో పోల్చుకుంటే ఇలా ఉంటుంది. పెద్ద జెర్రులకి దాదాపు అన్నిటికీ 21 లేదా 23 జతలు. మట్టిలో దారంలా పాకే సన్నటి జెర్రులకి 27 నుంచి 191 జతల దాకా. గోడల మీద పొడవాటి సన్నటి కాళ్లతో దూసుకుపోయే ఇంటి జెర్రికి కూడా 15 జతలే, కానీ దాని ఊపిరి రంధ్రాలు వీపు మధ్యలో ఉంటాయి, కాళ్లు వెనక్కి పోయేకొద్దీ పొడుగవుతాయి. ఒక్కసారి చూస్తే మళ్లీ పొరపడరు. తస్మానియాలో, న్యూజిలాండ్‌లో మాత్రమే ఉండే క్రేటరోస్టిగ్మస్ అనే వింత జెర్రి ఇంకోటి ఉంది. దానికీ 15 జతలే, కానీ వీపు మీద పలకలు 21. అది మీ కంటపడాలంటే అక్కడికే వెళ్లాలి.

ఇక నా కథ. మొదట్లో ఒకసారి సెంటీమీటరు కూడా లేని జెర్రి దొరికింది. కాళ్లు నాలుగుసార్లు లెక్కపెట్టాను, 12 జతలే. ఏ పట్టికలోనూ 12 లేదు. కొత్త జాతి దొరికిందని రెండు రోజులు కాలు నేల మీద నిలవలేదు. తెలిసినవాళ్లకి ఫొటో పంపితే ఒక్క ప్రశ్న వచ్చింది: "చివర్లో మొగ్గలు చూశావా?" చూడలేదు. మళ్లీ భూతద్దం పెడితే, పన్నెండో జత వెనక తెల్లగా, మొటిమల్లా, మూడు జతల మొగ్గలు. అవి రాబోయే కాళ్లు. కొత్త జాతీ లేదు, ఏమీ లేదు, చిన్నపిల్ల.

రాతి జెర్రి పిల్ల గుడ్డులోంచి అన్ని కాళ్లతో రాదు. లిథోబియస్ అయితే దాదాపు ఏడు జతలతో మొదలవుతుంది. తర్వాత కుబుసం విడిచినప్పుడల్లా, అంతకుముందు మొగ్గలుగా ఉన్నవి కాళ్లవుతాయి, వాటి వెనక కొత్త మొగ్గలు పుడతాయి. ఈ లెక్క తెలిస్తే పిల్లని చూడగానే అది ఏ తరగతి చదువుతోందో చెప్పేయొచ్చు:

7 జతల కాళ్లు, 1 జత మొగ్గలు.
8 జతల కాళ్లు, 2 జతల మొగ్గలు.
10 జతల కాళ్లు, 2 జతల మొగ్గలు.
12 జతల కాళ్లు, 3 జతల మొగ్గలు.
ఆ తర్వాత 15.

ప్రతి వరసలో కాళ్లూ మొగ్గలూ కలిపితే కింది వరసలోని కాళ్లు వస్తాయి, చూడండి. మీకు తొమ్మిదో పదకొండో జతలు వచ్చాయంటే లెక్క తప్పి ఉండాలి, లేదా కాళ్లు ఊడి ఉండాలి. 15 వచ్చాయని అది పెద్దదైపోయినట్టూ కాదు. కాళ్లు పూర్తయ్యాక కూడా ఇంకా కొన్ని కుబుసాలు విడిస్తే గానీ పిల్లల్ని కనే వయసు రాదు. పెద్ద జాతుల్లో ఈ మొత్తం ప్రయాణానికి ఏళ్లు పడుతుంది. అంత చిన్న ప్రాణి కొన్నేళ్లు బతుకుతుందంటే మొదట నాకు నమ్మకం కుదరలేదు.

పెద్ద జెర్రి పిల్లలు ఇలా కావు. గుడ్డులోంచి వచ్చేటప్పుడే మొత్తం 21 జతలూ ఉంటాయి. అందుకే చిన్న జెర్రి కనిపించి కాళ్లు 21 ఉంటే, అది ఎంత చిన్నదైనా రాతి జెర్రి కాదు.

ఊడిన కాళ్ల సంగతి. వెయ్యి కాళ్ల జెర్రికి ఒక కాలు విరిగితే ఏంటని సామెత. రాతి జెర్రి ఆ సామెతని నిజంగానే ఆచరిస్తుంది. ఎవరైనా కాలు పట్టుకుంటే అది వదిలేసి పారిపోతుంది, తర్వాతి కుబుసంలో ఆ చోట కొత్త కాలు వస్తుంది. మొదట్లో కొత్తది పాతదానికన్నా చిన్నగా, పాలిపోయి ఉంటుంది. ఒక వైపు లావుగా, ఇంకో వైపు సన్నగా ఉన్న జత కనిపిస్తే అది జాతి లక్షణమని రాసుకోకండి. పాత గాయం అది. వెనక చివరి జతలు మరీ సులువుగా ఊడతాయి, పైగా జాతిని చెప్పే గుర్తులు చాలావరకు ఉండేది వాటి మీదే. బ్రష్‌తో తోలేటప్పుడు ఆ వైపు కాస్త మెల్లగా.

ఆ చివరి కాళ్లతో నడవదు కూడా. వెనక్కి చాచి ఈడ్చుకుంటూ పోతుంది. సాలీడు లాంటిది వెంటపడితే ఆ కాళ్లని దాని వైపు ఝాడిస్తుంది. వాటిలోని గ్రంథుల నుంచి జిగురు దారాలు వచ్చి శత్రువు కాళ్లకి చుట్టుకుంటాయి. అది విడిపించుకునేలోపు జెర్రి మాయం.

తల దగ్గర కుటుంబం తేలుతుంది

రాతి జెర్రులు రెండు కుటుంబాలు: లిథోబిడే, హెనికోపిడే. మొదటిది ఎక్కువగా ఉత్తరార్ధ గోళంలో, రెండోది ఎక్కువగా దక్షిణార్ధ గోళంలో. ఎక్కువగా అనే మాట గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే మొక్కల కుండీల మట్టితో, నావల సరుకుతో ఇవి ప్రపంచమంతా తిరిగేశాయి.

తల పక్కన, మీసం మొదలు వెనక చూడండి. నల్లటి చుక్కలు, అంటే కళ్లు, గుంపుగా, వరసలుగా ఉంటే లిథోబిడే అనుకోవచ్చు. ఒక్కో వైపు ఒకే ఒక్క చుక్క ఉంటే హెనికోపిడే, చాలాసార్లు లామిక్టిస్ అనే ప్రజాతి. అసలు చుక్కలే లేకపోతే? రెండు కుటుంబాల్లోనూ గుడ్డివి ఉన్నాయి, గుహల్లో మరీనూ. కాబట్టి కళ్లతో తేలకపోతే కాళ్లు చూడాలి. లిథోబిడే కాళ్ల కీళ్ల దగ్గర బలమైన ముళ్లు ఉంటాయి, ఏ కాలికి ఏ కణుపు మీద ఎన్ని ముళ్లో పట్టిక వేసుకుని జాతులు తేల్చేవాళ్లున్నారు. ఆ పట్టికలు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. హెనికోపిడేలో ఆ ముళ్లు ఉండవు.

లామిక్టిస్ ఎమార్జినేటస్ దొరికితే కాసేపు ఆగి చూడండి. చాలాచోట్ల దీనికి మగవే కనిపించవు. ఆడవి మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. ఒక్కటి చేరినా చాలు, ఆ చోట సంతతి మొదలైపోతుంది. వరద వచ్చిపోయే నేలల్లో ఇది బాగా కుదురుకోవడానికి అదో కారణం.

లిథోబిడే అని తేలితే మీసాల కణుపులు లెక్కపెట్టండి. లిథోబియస్ ఫార్ఫికేటస్‌కి 40కి అటూ ఇటూ. మోనోటార్సోబియస్ గుంపు చిన్నవాటికి సుమారు 20. అయితే మీసం కొస విరిగి మళ్లీ పెరిగితే లెక్క మారుతుంది, రెండు మీసాలూ లెక్కపెట్టి పోల్చుకోండి.

తిప్పి చూస్తే

విషపు కొక్కేల మొదలు రెండూ కలిసే పలక ముందు అంచున చిన్న పళ్లుంటాయి. చిన్న జాతులకి చాలావరకు రెండు వైపులా రెండేసి. ఫార్ఫికేటస్‌కి ఐదు నుంచి ఏడు. ఇది నమ్మదగిన గుర్తు, ఎందుకంటే పళ్లు కాళ్లలా ఊడవు.

చివరి నాలుగు జతల కాళ్ల మొదళ్లలో, అంటే 12 నుంచి 15 దాకా, సూదితో పొడిచినట్టు రంధ్రాలు ఉంటాయి. లిథోబియస్‌లో అవి ఒకే వరసలో ఉంటాయి. బోత్రోపాలిస్, యూపాలిబోత్రస్ ప్రజాతుల్లో ఒక వరసా పాడూ లేకుండా చల్లినట్టుంటాయి. యూపాలిబోత్రస్ పేరు ఎందుకు ఎత్తానంటే, క్రొయేషియా గుహల్లో దొరికిన యూపాలిబోత్రస్ కావర్నికోలస్‌ని 2013లో లోకానికి పరిచయం చేసినప్పుడు మామూలు వర్ణనతో ఆగలేదు. దాని జన్యు సమాచారం, డీఎన్‌ఏ బార్‌కోడ్, ఒళ్లంతా లోపలి దాకా తీసిన మైక్రో సీటీ స్కాన్ కలిపి ఇచ్చారు. కళ్లతో, భూతద్దంతో మనం చేసే పనికి అది రెండో కొస.

ఆడా మగా తేడా తోక కింద. ఆడదానికి అక్కడ చిన్న పటకారు లాంటి జత ఉంటుంది, మొదట్లో ముళ్లు, కొసన గోరు. మగదానికి అంత పెద్దవి ఉండవు, చిన్న మొటిమల్లా ఉంటాయి. 15 జతల కాళ్లుండి ఇవేవీ స్పష్టంగా లేకపోతే అది ఇంకా ఎదగని జెర్రి, జాతి పేరు జోలికి పోకండి.

మళ్లీ ఒక్కసారి వీపు. 9, 11, 13 పలకలు, అంటే రెండో పాదంలోని మూడు లఘువులు. వాటి వెనక మూలలు గుండ్రంగా ఉన్నాయా, త్రికోణంలా వెనక్కి పొడుచుకొచ్చాయా? ఫార్ఫికేటస్‌కి ఈ మూడింటి మీదా కోసులుంటాయి. ఒళ్లు రెండు మూడు సెంటీమీటర్లు, మెరిసే ముదురు గోధుమరంగు, పళ్లు ఐదు నుంచి ఏడు, మీసం కణుపులు 40కి దగ్గర, ఈ మూడు పలకల మీద కోసులు. యూరప్‌లోనో, యూరప్ నుంచి ఇది చేరిన ఉత్తర అమెరికాలోనో ఉండి ఇవన్నీ కలిస్తే ధైర్యంగా పేరు రాసుకోవచ్చు. వేరేచోట అయితే లిథోబియస్ అని రాసి ఆపేయడమే మర్యాద.

పేరు ఎలా రాయాలి, చెట్టులో ఎక్కడ పెట్టాలి

నోట్‌బుక్‌లో వరస ఇలా వస్తుంది: కీళ్లకాళ్ల జీవులు, అందులో మిరియాపోడా, అందులో కైలోపోడా తరగతి, లిథోబియోమార్ఫా క్రమం, తర్వాత కుటుంబం, ప్రజాతి, జాతి. ఫార్ఫికేటస్‌ని 1758లో లిన్నేయస్ స్కోలోపెండ్ర ఫార్ఫికేటా అన్నాడు. అప్పటికి జెర్రులన్నీ ఆయన దృష్టిలో స్కోలోపెండ్రలే. 1814లో లీచ్ లిథోబియస్ అనే ప్రజాతిని వేరు చేశాడు, 1895లో పోకాక్ క్రమానికి పేరు పెట్టాడు. మీరు పాత పుస్తకంలో వేరే పేరు చూస్తే కంగారు పడకండి, ఇప్పటి పేరు ఏదో కైలోబేస్ అనే ఆన్‌లైన్ జాబితాలో చూసుకోవచ్చు.

బతికున్న జెర్రుల క్రమాలు ఐదు. ఇంటి జెర్రులు అందరికన్నా ముందే విడిపోయాయన్న దానిలో పెద్ద తగాదా లేదు. తగాదా అంతా రాతి జెర్రికీ ఆ తస్మానియా జెర్రికీ మధ్య. పెద్ద జెర్రి తల్లి, సన్న జెర్రి తల్లి గుడ్లని చుట్టుకుని కాపలా కాస్తాయి. క్రేటరోస్టిగ్మస్ తల్లీ కాస్తుంది. రాతి జెర్రి కాయదు. ఒంటి నిర్మాణం చూసినవాళ్లు దీన్నిబట్టి, గుడ్లు కాచేవన్నీ ఒక ఇల్లు, రాతి జెర్రి బయటిది అన్నారు. తర్వాత 2014లో జన్యువుల మీద జరిగిన పరిశోధన దాన్ని తిరగేసింది: బయటిది క్రేటరోస్టిగ్మస్, రాతి జెర్రే పెద్ద జెర్రులకి దగ్గర చుట్టం అంది. అదే నిజమైతే గుడ్లు కాచే గుణం రెండుసార్లు విడివిడిగా పుట్టి ఉండాలి, లేదా రాతి జెర్రి దాన్ని మధ్యలో వదిలేసి ఉండాలి. నాకు రెండోదే ముచ్చటగా అనిపిస్తుంది, కానీ ముచ్చట సాక్ష్యం కాదు కదా.

కొన్నాళ్లు ఉంచుకుని చూడాలంటే

పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. అరచేతి వెడల్పు డబ్బాలో రెండు వేళ్ల మందాన తడి మట్టి, పైన బెరడు ముక్క, మూతకి సూదితో చిల్లులు. మట్టిని పిండితే నీరు కారకూడదు, వేలికి చల్లగా తగలాలి, అంతే తడి. వారానికి రెండుసార్లు పండ్ల మీద వాలే చిన్న ఈగలు కానీ, ఏదైనా మెత్తటి చిన్న పురుగు కానీ వేయండి. తినకుండా వదిలేసినవి తీసేయాలి, లేకపోతే బూజు పడుతుంది. ఎర్ర లైటుతో రాత్రిపూట చూస్తే వేట కనిపిస్తుంది. కళ్లతో వెతకదు, మీసాలు నేలకి తాటిస్తూ నడుస్తుంది, తగలగానే కొక్కేలు దిగుతాయి.

మగదాన్ని ఆడదాన్ని కలిపి పెట్టడం రిస్కే. అయినా కలిపితే, రెండూ దగ్గరయ్యాక మగది చిన్న సాలెగూడు లాంటిది అల్లి దాని మీద వీర్యపు పొట్లం పెడుతుంది, ఆడది వచ్చి దాన్ని తీసుకుంటుంది. అంతే, కలయిక అన్నది లేదు. ఇది నేను కళ్లారా చూడలేదు, ఎప్పుడూ నిద్రపోయిన తర్వాతే జరిగింది.

గుడ్డు పెట్టడం మాత్రం చూశాను. ఆడది ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతుంది. తోక కింది పటకారుతో దాన్ని పట్టుకుని, వెంటనే వదలకుండా, అలాగే మోస్తూ మట్టి మీద దొర్లిస్తుంది. గుడ్డు మీది జిగురుకి మట్టి రేణువులు అంటుకుంటాయి. కాస్త ముందుకి నడుస్తుంది, మళ్లీ దొర్లిస్తుంది. నువ్వుల ఉండని నువ్వుల్లో దొర్లించినట్టే. తెల్లగా ముత్యంలా మెరిసిన గుడ్డు చివరికి మట్టి బెడ్డ అయిపోతుంది. అప్పుడు దాన్ని జారవిడిచి వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. నేను తల తిప్పి టైము చూసి మళ్లీ చూసేసరికి, డబ్బాలో ఉన్న వంద మట్టి బెడ్డల్లో గుడ్డు ఏదో నాకు దొరకలేదు.

కాబట్టి ఆడ జెర్రిని తిరిగి వదిలేటప్పుడు డబ్బాలోని మట్టి పారబోయకండి. జెర్రిని తెచ్చిన రాయి కిందే ఆ మట్టి కూడా వేసేయండి.